సియాచిన్‌కు సరుకులు ఎలా చేరతాయి? చలికాలం స్టాక్ ఎండాకాలంలోనే ఎందుకు ఎక్కిస్తారు?

ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన యుద్ధభూమి సియాచిన్. అక్కడ చలి మైనస్ 50 డిగ్రీల దాకా వెళ్తుంది. తూటాలకన్నా వాతావరణానికి బలైన జవాన్లే ఎక్కువ. పప్పు, ఉప్పు దగ్గర్నుంచి మందుగుండు దాకా అన్నీ కింద నుంచే రావాలి. మరి అవి పైకి ఎలా వెళ్తాయి?

ముందే స్టాక్
లద్దాఖ్‌కు శ్రీనగర్ నుంచి జోజిలా మీదుగా ఒక రోడ్డు, మనాలి నుంచి మరో రోడ్డు ఉన్నాయి. మంచు ముంచెత్తితే ఈ కనుమలు మూతపడతాయి. అందుకే రోడ్లు తెరిచి ఉన్న నెలల్లోనే రేషన్, ఇంధనం, మందులు, చలి దుస్తులు, స్పేర్ పార్టులు లారీల్లో చేరవేస్తారు. దీన్నే ఆర్మీలో 'అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్' అంటారు.

కిరోసినే ప్రాణం
పోస్టుల్లో తాగునీరు కావాలంటే మంచును కరిగించాల్సిందే. వంటకైనా, వెచ్చదనానికైనా కిరోసినే ఆధారం. అది అయిపోతే చుట్టూ మంచు ఉన్నా గుక్కెడు నీళ్లుండవు. మామూలు డీజిల్ ఈ చలికి గడ్డకడుతుంది. అందుకే మైనస్ 33 డిగ్రీల్లోనూ పనిచేసే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్‌కు తెచ్చింది.

చివరి మెట్టు హెలికాప్టర్
బేస్ క్యాంప్ దాటాక లారీలు వెళ్లవు. చీతా లాంటి హెలికాప్టర్లు, పోర్టర్లే ప్రధాన దిక్కు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలుచబడి హెలికాప్టర్ మోయగలిగే బరువు బాగా తగ్గిపోతుంది. అందుకే ప్రతి కిలో లెక్కే!

ఒక్క రోజు ముందు..
1984 ఏప్రిల్ 13న 'ఆపరేషన్ మేఘదూత్' మొదలైంది. యూరప్ నుంచి తెప్పించిన చలి దుస్తులు చేతికందింది సరిగ్గా ముందు రోజే! అవి లేకుండా జవాన్లను మంచుపై దింపడమంటే ప్రాణాలతో చెలగాటమే.

2020లో అసలు పరీక్ష
సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు సహా 20 మంది అమరులైన గల్వాన్ ఘర్షణ జూన్ 15న జరిగింది. ఆ తర్వాత వేల మంది అదనపు బలగాలు లద్దాఖ్ చేరాయి. వాళ్లందరికీ గుడారాలు, దుస్తులు, తిండి చలికాలంలోపే సిద్ధం చేయాల్సి వచ్చింది. రోడ్డుతో పాటు సీ-17 లాంటి భారీ విమానాలనూ రంగంలోకి దించారు.

ఇప్పుడు జోజిలా కింద 13 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగం పనుల్ని హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజనీరింగ్ చేపట్టింది. అది అందుబాటులోకి వస్తే చలికాలంలోనూ లారీలు నడుస్తాయి. బేస్ క్యాంప్ పైన మాత్రం హెలికాప్టర్ కోసం ఎదురుచూపులు తప్పవు.