వేరు కుంపటికి వేదిక ఎక్కడ?

ప్రపంచ స్థాయి మోటార్ రేసింగ్‌లో నియమాలు రాసే సమాఖ్యకు, వ్యాపార హక్కులు చేతిలో ఉన్నవారికి, కార్లు తయారుచేసి పోటీకి దిగే జట్లకు మధ్య తగవు ముదిరిన ప్రతిసారీ, విడిపోయి సొంత ఛాంపియన్‌షిప్ పెట్టుకుంటామని జట్లు బెదిరించడం గత అర్ధ శతాబ్దంలో పలుమార్లు జరిగింది. ఆ తగవుల చరిత్ర రాసినవారు డబ్బు పంపకాల గురించి, సాంకేతిక నియమాల గురించి, పెద్దల పంతాల గురించి విస్తారంగా రాశారు గాని, అభిమానులు మాత్రం అంతకంటే సూటి ప్రశ్న అడుగుతూ వచ్చారు: వేరుపడిన జట్లు పరుగెత్తేది ఏ ట్రాకుల మీద? 1981, 1996, 2009 సంవత్సరాలలో తలెత్తిన మూడు చీలికలను పక్కపక్కన పెట్టి చూస్తే, వాటి ఫలితాన్ని తేల్చడంలో నియమావళికి, న్యాయస్థానాలకు ఎంత పాత్ర ఉందో స్థలానికీ అంతే పాత్ర ఉందని, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే ఉందని స్పష్టమవుతుంది.

మొదటి తగవు ఫార్ములా వన్‌లో, ప్రపంచ మోటార్ సంఘాల సమాఖ్య అయిన ఎఫ్‌ఐఏకు క్రీడా విభాగంగా ఉన్న ఫీసాకు, ప్రధానంగా బ్రిటిష్ జట్లతో ఏర్పడిన ఫోకా అనే కూటమికి మధ్య నడిచింది. ఫీసాకు ఫ్రాన్సు దేశస్థుడైన జాన్ మరీ బలెస్ట్ర అధ్యక్షుడు కాగా, ఫోకాకు బెర్నీ ఎకిల్‌స్టన్ నాయకుడు, మాక్స్ మోస్లే న్యాయ సలహాదారు. పైకి కనిపించిన వివాదం ‘స్కర్టుల’ గురించి: కారు రెండు పక్కలా నేలను ఒరుసుకుంటూ పైకీ కిందికీ జారే ఆ పలకలు బయటి గాలిని అడుగుభాగంలోకి చొరబడనీయక, అక్కడి తక్కువ పీడనాన్ని నిలబెట్టి, కారును నేలకు అదిమిపెట్టేవి గనుక మలుపులలో వేగం విపరీతంగా పెరిగేది. భద్రత దృష్ట్యా ఫీసా వాటిని 1981 నుంచి నిషేధించినప్పుడు, టర్బో ఇంజిన్లను సొంతంగా రూపొందించుకోగలిగిన రెనో, ఫెరారీ వంటి సంస్థలు పెద్దగా చలించలేదు గాని, డబ్బు పెట్టి కొనుక్కునే కాస్వర్త్ ఇంజిన్ మీద ఆధారపడిన బ్రిటిష్ జట్లకు ఉన్న బలమే పోయినట్లయింది. టెలివిజన్ ఆదాయం ఎవరి పెత్తనంలో ఉండాలన్న ప్రశ్న దీని వెనుకనే ఉంది. 1980 నవంబరులో ఫోకా తన సొంత ప్రపంచ సమాఖ్యను ప్రకటించింది.

సమాఖ్యను కాగితం మీద ప్రకటించడం తేలికే, రేసు జరపడానికి మాత్రం ట్రాకు కావాలి. దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ సమీపాన ఉన్న క్యాలామి సర్క్యూట్‌లో 1981 ఫిబ్రవరి 7న ఫోకా జట్లు స్కర్టులున్న కార్లతోనే రేసు జరిపాయి. ఫెరారీ, రెనో, ఆల్ఫా రోమియో వెళ్లలేదు, ఫీసా దానిని ఛాంపియన్‌షిప్‌లో లెక్కించలేదు. వర్ణవివక్ష కారణంగా క్రీడాప్రపంచం చాలావరకు వెలివేసిన దేశంలో తొలి అడుగు వేయవలసి రావడం, జట్లకు అందుబాటులో ఉన్న వేదికలు ఎంత కొద్దివో చెబుతుంది. విలియమ్స్ కారులో అర్జెంటీనా డ్రైవర్ కార్లోస్ రాయిటెమన్ గెలవగా, బ్రెజిల్ డ్రైవర్ నెల్సన్ పీకే రెండో స్థానంలో నిలిచాడు. ఆ ఏడాది చివర పీకే 50 పాయింట్లతో ప్రపంచ విజేత అయితే, రాయిటెమన్ 49 దగ్గర ఆగిపోయాడు. గెలుపుకు 9, రెండో స్థానానికి 6 పాయింట్లు ఇచ్చే నాటి పద్ధతిలో క్యాలామిని కూడా లెక్కిస్తే రాయిటెమన్‌కు 58, పీకేకు 56 వచ్చి ఉండేవి. ప్రపంచ విజేత కావలసిన మనిషి గుర్తింపు లేని గెలుపు కారణంగా కాలేకపోయాడన్న ఈ లెక్క చీలికలు డ్రైవర్లకు చేసే అన్యాయానికి నిలువెత్తు సాక్ష్యం.

ఆ రేసు జరిగిన నెలలోపే, మార్చి 5న, ఇరుపక్షాలు సంతకం చేసిన ఒప్పందానికి పారిస్‌లో సమాఖ్య కార్యాలయం ఉన్న కాంకర్డ్ కూడలి పేరు వచ్చింది. నియమాలు ఫీసావి, వ్యాపార వ్యవహారం ఫోకాది అన్న ఆ కాంకర్డ్ ఒప్పందపు విభజన మీదనే తరువాతి దశాబ్దాల ఫార్ములా వన్ నిలిచింది. ఒక్క క్యాలామి చేతిలో పెట్టుకుని ఏడాది పొడవునా ఛాంపియన్‌షిప్ నడిపే స్తోమత ఫోకాకు లేదని మోస్లే తరువాతి కాలంలో ఒప్పుకున్నాడు.

రెండో చీలిక అమెరికాలో వచ్చింది, స్థలం పాత్ర అన్నిటికంటే నగ్నంగా బయటపడింది అక్కడే. 1979 నుంచి జట్ల యజమానులే నడుపుకుంటున్న కార్ట్ అనే ఛాంపియన్‌షిప్‌లో పేరున్న డ్రైవర్లు, మెరుగైన కార్లు, పెద్ద ప్రాయోజకులు అందరూ ఉన్నారు. అయితే ఆ క్రీడకు గుండెకాయ వంటి ఇండియానపోలిస్ ట్రాకు మాత్రం టోనీ జార్జ్ కుటుంబానిది. 1911 నుంచి యుద్ధకాలాలు తప్ప ప్రతి ఏటా 500 మైళ్ల రేసు జరుగుతున్న ఆ ట్రాకును ఆధారం చేసుకుని జార్జ్ 1996లో ఇండీ రేసింగ్ లీగ్ ప్రారంభించి, 33 స్థానాలలో 25 తన లీగ్‌లో పాల్గొన్నవారికే కేటాయించాడు. దానికి జవాబుగా కార్ట్ జట్లు మే 26న, సరిగ్గా ఇండియానపోలిస్ 500 జరిగే రోజునే, మిషిగన్‌లో మరో 500 మైళ్ల రేసు పెట్టాయి. ఆ రోజు ఇండియానపోలిస్‌లో 33 మందిలో 17 మంది ఆ రేసుకు కొత్తవారు. మిషిగన్‌లోనో మహామహులంతా ఉన్నారు గాని, ఆరంభ సంకేతం పడకముందే కార్లు ఒకదానితో ఒకటి ఢీకొని కుప్పపడ్డాయి. ప్రతిభ అంతా ఒక చోట, చరిత్ర అంతా మరో చోట ఉన్నప్పుడు ప్రేక్షకులు చరిత్ర వైపే మొగ్గారు, లేదా రెండింటినీ వదిలేసి స్టాక్ కార్ల పోటీ అయిన నాస్‌కార్ వైపు మళ్లారు. 2000లో కార్ట్ నుంచి చిప్ గనాసి జట్టు ఇండియానపోలిస్‌కు తిరిగి వచ్చి గెలిచింది, మరుసటి ఏడాది రోజర్ పెన్‌స్కీ జట్టు వచ్చి గెలిచింది. కార్ట్ సంస్థ దివాలా తీసి, దాని వారసత్వ పోటీ 2008లో ఇండీ లీగ్‌లో కలిసిపోయింది. పన్నెండేళ్ల ఈ చీలిక, చక్రాలు బయటికి కనిపించే కార్లతో సాగే అమెరికా ఓపెన్ వీల్ రేసింగ్‌కు చేసిన నష్టం నేటికీ పూర్తిగా పూడలేదనే చెప్పాలి.

మళ్లీ ఫార్ములా వన్‌లో వచ్చిన మూడో తగవు నాటికి ఎకిల్‌స్టన్, మోస్లే ఇద్దరూ అటు నుంచి ఇటు వచ్చారు: 1981లో తిరుగుబాటు పత్రాలు రాసిన మోస్లే 2009లో ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు, ఎకిల్‌స్టన్ వ్యాపార హక్కుల నిర్వాహకుడు. ఆర్థిక మాంద్యంలో హోండా వైదొలగిన తరువాత, ఏడాదికి 4 కోట్ల పౌండ్ల వ్యయ పరిమితికి ఒప్పుకున్న జట్లకు సాంకేతికంగా ఎక్కువ స్వేచ్ఛ ఇస్తామని ఎఫ్‌ఐఏ ప్రతిపాదించింది. ఒకే రేసులో రెండు రకాల నియమాలా అని జట్ల సంఘమైన ఫోటా మండిపడింది. జూన్ 18 రాత్రి ఫెరారీ, మెక్‌లారెన్, బీఎండబ్ల్యూ, రెనో, టొయోటా, రెడ్ బుల్, టోరో రోసో, బ్రాన్ జట్లు వేరే ఛాంపియన్‌షిప్ పెడతామని ప్రకటించాయి. విలియమ్స్, విజయ్ మాల్యాకు చెందిన ఫోర్స్ ఇండియా మాత్రం పాత గూటిలోనే ఉండిపోయాయి. యూరోపియన్ కమిషన్ ఒత్తిడితో ఎఫ్‌ఐఏ 2001లోనే తన పాత్రను నియంత్రణకు పరిమితం చేసుకుని, ప్రత్యర్థి పోటీలకు గాని వాటికి చోటిచ్చే సర్క్యూట్లకు గాని అడ్డుపడబోనని అంగీకరించి ఉండడం వల్ల ఈసారి బెదిరింపుకు చట్టబలం తోడైంది.

ఆ వారాంతంలోనే సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి ఉంది గనుక అభిమానుల చర్చ ఆ మైదానంలోనే వేడెక్కింది. 2009 క్యాలెండర్‌లోని 17 రేసులలో కెనడా లేదు, ఫ్రాన్సు లేదు, అమెరికా లేదు; 2006 తరువాత ఇటలీలోని ఇమోలాకు రేసు రాలేదు; సిల్వర్‌స్టోన్ సైతం తన రేసును మరుసటి ఏడాది నుంచి మరో బ్రిటిష్ ట్రాకు డోనింగ్టన్‌కు కోల్పోవలసి ఉంది. మరోవైపు బహ్రెయిన్, షాంఘై, ఇస్తాంబుల్, వలెన్సియా, సింగపూర్, అబుదాబీ అయిదారేళ్లలో వచ్చి చేరాయి. ఇస్తాంబుల్‌లో ఆ ఏడాది ఖాళీ స్టాండ్లను టెలివిజన్‌లో ప్రపంచమంతా చూసింది. కెనడాలోని మాంట్రియల్, ఇమోలా, ఫ్రాన్సులోని మాన్యీ కూర్, ఇండియానపోలిస్ వంటి పాత చోట్లకే కొత్త పోటీ తిరిగి వెళ్లాలని వాదించినవారి మాటలో గతం మీది మమకారం ఉన్నా, దాని అడుగున గట్టి ఆర్థిక తర్కం కూడా ఉంది.

ఆ తర్కాన్ని అర్థం చేసుకోవాలంటే ఆతిథ్య రుసుము సంగతి తెలియాలి. రేసు జరుపుకునే హక్కు కోసం నిర్వాహకులు వ్యాపార హక్కుదారుకు ఏటా చెల్లించే మొత్తమే ఆ రుసుము. ఒప్పందాల ప్రకారం ట్రాకు చుట్టూ ఉండే ప్రకటనల ఆదాయం, ఖరీదైన అతిథి సత్కారాల ఆదాయం సాధారణంగా హక్కుదారుకే పోతాయి కాబట్టి నిర్వాహకుడికి మిగిలేది దాదాపుగా టికెట్ల డబ్బు ఒక్కటే. రేసును దేశ ప్రతిష్ఠగా భావించి ఖజానా నుంచి చెల్లించే ప్రభుత్వంతో, టికెట్ల మీద బతికే పాత యూరప్ ట్రాకు పోటీ పడలేదు. జట్లే సొంతంగా ఛాంపియన్‌షిప్ నడిపితే రుసుము తగ్గుతుంది, టికెట్ ధర తగ్గుతుంది, పాత ట్రాకులు బతుకుతాయి అన్నది అభిమానుల ఆశ. ప్రభుత్వ ధనం మీద నిలిచే వేదిక ప్రభుత్వ నిర్ణయంతోనే పోతుందనడానికి తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణ ఉంది: హుస్సేన్ సాగర్ ఒడ్డున 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ విద్యుత్ కార్ల రేసు ఘనంగా జరిగింది, ప్రభుత్వం మారిన తరువాత 2024లో జరగవలసిన రెండో రేసు రద్దయింది.

అయితే ఏ ట్రాకు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న దగ్గర ఆ ఆశలకు అడ్డుకట్ట పడింది. మొనాకో రేసును నడిపేది ఎఫ్‌ఐఏ సభ్య సంస్థ అయిన అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు, మోంజా వెనుక ఉన్నదీ ఇటలీ ఆటోమొబైల్ క్లబ్బే. మాతృసంస్థను ధిక్కరించి అవి తలుపులు తెరవడం కష్టం. మలుపుల దగ్గర జెండాలు పట్టి, ప్రమాదమైతే ముందుగా పరుగెత్తే మార్షల్స్ అనే స్వచ్ఛంద సేవకులు సైతం ఆయా దేశాల గుర్తింపు పొందిన సంఘాలలోని వారే. దీనికి భిన్నంగా ముజెల్లో ఫెరారీ సొంత ట్రాకు, ఫుజీ టొయోటా చేతిలో ఉన్న ట్రాకు, సిల్వర్‌స్టోన్ బ్రిటిష్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్ అనే స్వతంత్ర సంఘానిది; పైగా డోనింగ్టన్ నిర్ణయం పుణ్యాన 2010లో సిల్వర్‌స్టోన్ ఎవరికీ కట్టుబడి లేదు. బ్రిటిష్ రేసును బయటికి నెట్టిన నిర్ణయమే తిరుగుబాటుదారులకు అత్యంత విలువైన వేదికను ఖాళీగా ఉంచిందన్న మాట. 1981లో ఫోకాకు లేనిది, 1996లో కార్ట్ పోగొట్టుకున్నది ఈసారి జట్లకు అందే దూరంలో ఉంది. బెదిరింపు అంత తొందరగా పనిచేయడానికి ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

జూన్ 24న పారిస్‌లో రాజీ కుదిరింది. వ్యయ పరిమితి ప్రతిపాదన వెనక్కి పోయింది, మోస్లే అక్టోబరులో ఎఫ్‌ఐఏ అధ్యక్ష పదవికి మళ్లీ పోటీ చేయనని అంగీకరించాడు, ఆగస్టు 1న కొత్త కాంకర్డ్ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. వేరే ఛాంపియన్‌షిప్ పెడతామని అంత పట్టుదలగా పోరాడిన తయారీ సంస్థలలో బీఎండబ్ల్యూ, టొయోటా ఆ ఏడాది ముగిసేలోగానే ఫార్ములా వన్‌కు స్వస్తి చెప్పాయి. రేసులు ఎక్కడ జరగాలన్న అభిమానుల ప్రశ్న ఆ రాజీలో చోటు చేసుకోలేదు.

అయినా వారు కోరిన చోట్లలో కొన్ని పాత ఛాంపియన్‌షిప్‌లోకే తిరిగి వచ్చాయి. డోనింగ్టన్ పథకం నిధులు లేక కూలిపోయి సిల్వర్‌స్టోన్‌కు డిసెంబరులో 17 ఏళ్ల ఒప్పందం దక్కింది. మాంట్రియల్ 2010లో, అమెరికా ఆస్టిన్ రూపంలో 2012లో, మెక్సికో 2015లో వచ్చాయి. కరోనా కాలంలో దూరప్రాంతపు రేసులు రద్దయినప్పుడు 2020లో ఇమోలా, ముజెల్లో ఆదుకున్నాయి. గ్రేటర్ నోయిడాలో 2011లో మొదలైన భారత గ్రాండ్ ప్రి మూడు రేసులతో ఆగిపోగా, వలెన్సియా 2012 తరువాత మళ్లీ కనిపించలేదు. పాత ట్రాకుల మీది ఒత్తిడి మాత్రం తగ్గలేదు: అభిమానులు ఏ వాదంలోనైనా తొలగించకూడని చోటుగా చెప్పుకునే బెల్జియంలోని స్పా ట్రాకుకు 2031 వరకు కుదిరిన ఒప్పందంలో 2028, 2030 సంవత్సరాలకు రేసు లేదు.