వేషం విప్పాక

1979లో న్యూయార్క్‌లో ప్యాట్రీషియా మూర్ 80 ఏళ్లు దాటిన ముసలమ్మ వేషం వేసింది. అప్పటికామెకు 26 ఏళ్లు. రేమండ్ లోవీ డిజైన్ సంస్థలో పనిచేసేది. కీళ్లనొప్పులున్నవాళ్లు కూడా తేలిగ్గా తెరిచేలా ఫ్రిజ్ తలుపు చెయ్యలేమా అని అడిగితే, అలాంటివాళ్ల కోసం మనం డిజైన్ చెయ్యడం లేదన్నారు. ఆ మాటకి ఆమె జవాబే ఈ వేషం. ముఖం నిండా ముడతల మేకప్, చెవుల్లో అడ్డాలు, మసక చూపు, కీళ్లు వంగకుండా కట్లు. 1982 దాకా అమెరికా, కెనడాల్లో వందకు పైగా నగరాలు అలా తిరిగింది.

డిజైనర్లు ఇతరుల శరీరాన్ని అనుకరించి వాళ్ల అవసరాలు తెలుసుకోవచ్చన్న ఆలోచనకి ఈ కథ పెద్ద ఊతమైంది. 1990లలో ఫోర్డ్ ఇంజనీర్లు కీళ్లని బిగబట్టే సూట్లు తొడుక్కుని కార్లెక్కి దిగారు.

మూర్ సాహసాన్ని నేను తక్కువ చెయ్యను. ఆమె ఒంటరి ముసలి స్త్రీగా కనిపించినందుకే ఒక కుర్రాళ్ల గుంపు ఆమెని దారుణంగా కొట్టింది. మేకప్ కడిగేసినా ఆ గాయాలు పోలేదు. డబ్బున్న ముసలమ్మగా, ఇల్లూ వాకిలీ లేని ముసలమ్మగా వేషాలు మార్చినప్పుడల్లా లోకం చూపూ మారింది. కట్లు నేర్పని పాఠం అది.

కానీ కళ్లకి గంట సేపు గంతలు కట్టుకున్న మనిషికి తెలిసేదేమిటి? చూపు పోయిన మొదటి గంట భయం మాత్రమే. ఏళ్ల తరబడి చూపులేకుండా బతికిన స్త్రీ సంపాదించుకున్న నేర్పు ఆ గంటలో అందదు. స్వయంగా చూపులేని మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఏరియల్ సిల్వర్‌మన్, సహచరులతో కలిసి 2015లో ప్రచురించిన పరిశోధన ఇదే తేల్చింది. గంతలు కట్టుకున్నవాళ్లు, అంధులు ఉద్యోగాలు చెయ్యగలరనీ సొంతంగా బతకగలరనీ కట్టుకోనివాళ్లకంటే తక్కువగా నమ్మారు.

మరి ఆ శరీరంతోనే బతుకుతున్న స్త్రీ డిజైన్ చేస్తే? 1990లో ఆక్సో కంపెనీ లావుపాటి మెత్తని పిడులున్న పీలర్లూ ఇతర వంటింటి పనిముట్లూ తెచ్చింది. వేళ్ల నొప్పులతో బాధపడే భార్య బెట్సీ కోసం శామ్ ఫార్బర్ వాటిని తయారు చేయించాడన్నది లోకం చెప్పుకున్న కథ. బెట్సీ వాస్తుశిల్పం చదివిన మనిషి. చేతికి హాయిగా అమిరే పిడి ఆలోచన ఆమెదే. తన ఆలోచన కాక, తన జబ్బే చరిత్రలో మిగులుతుందేమోనని ఆమె బాధపడింది. వైకల్యమున్న డిజైనర్ లిజ్ జాక్సన్ 2018లో ఈ సంగతి రాసేదాకా చాలామందికి తెలియదు.

నొప్పిని అరువు తెచ్చుకున్నామె డిజైనర్‌గా మిగిలింది. నొప్పి సొంతమైనామె భార్యగా మిగిలింది. మన అనుభవం మరొకరి కలానికి ముడిసరుకు కాదని తెలుగులో స్త్రీవాదులూ దళిత రచయితలూ 1980, 90లలో గట్టిగా వాదించారు. వంటింటి పీలర్ చరిత్ర రాసేటప్పుడూ ఆ వాదన వర్తిస్తుంది. వేషానికి విలువుంది, తలుపు తట్టేంతవరకు. తలుపు తెరిచాక మాట్లాడాల్సింది లోపలున్న మనిషి. ఆ మాట కింద సంతకం కూడా ఆమెదే కావాలి.