ఆకాశవాణియు నూరివాణియు: మాచ్నూరు సంఘం రేడియో చరిత్రము

ఆకాశవాణి యనుమాట మన పురాణములం దనేకస్థలముల వినబడును. దేవకీదేవి నత్తవారింటికి సాగనంపుచు రథము దోలుచున్న కంసునకు వినబడినది యట్టిదియే. దాని లక్షణములు రెండు గుర్తింపదగియున్నవి. పలికినవారు కంటికి గానరారు. విన్నవారికి మాఱుపలుకు నవకాశము లేదు. శాపమైనను భవిష్యత్సూచనయైనను పైనుండి క్రిందికి వచ్చుటయే గాని క్రిందినుండి పైకి బోవుట లేదు. 1935 సంవత్సరమున మైసూరు మహారాజా కళాశాలలో మనశ్శాస్త్రోపాధ్యాయులైన గోపాలస్వామిగారు తమ యింటియందే యొక చిన్న ప్రసారయంత్రమును నెలకొల్పి దాని కీ పేరు పెట్టిరి. అఖిలభారత రేడియో తరువాతికాలమున నీ నామమును స్వీకరించి దేశమంతట వ్యాపింపజేసెను. ఒక గృహస్థు నింట బుట్టిన పేరు ప్రభుత్వశాఖకు జెల్లుట విచిత్రమే. పేరుతోపాటు దాని పౌరాణికలక్షణముకూడ నా శాఖకు సంక్రమించినది. ప్రజలు వినవలసినవారే గాని పలుకవలసినవారు కారని చిరకాలము నడచినది. ఈ స్థితి మాఱిన తీరును తెలంగాణములోని యొక చిన్నగ్రామము నాధారముగా జేసికొని విచారించుట యీ వ్యాసమునకు బ్రయోజనము.

తార్కికులు శబ్దము నాకాశగుణముగా జెప్పుదురు. గుణము ద్రవ్యమును విడిచియుండదు గనుక నాకాశమున కెవరు యజమానులో శబ్దమునకును వారే యజమానులు కావలయును. ఆంగ్లప్రభుత్వమువా రీ తర్కమును జదువకయే యాచరణమున బెట్టిరి. 1885 నాటి తంతిచట్టము తంతియంత్రములను నెలకొల్పు నధికారమును ప్రభుత్వమునకే ప్రత్యేకించినది. రేడియో యప్పటికి బుట్టలేదు. పుట్టినపిమ్మట నదియు నా చట్టపుగొడుగు క్రిందికే చేరెను. 1927లో బొంబాయియందు బ్రసారము ప్రారంభించిన కంపెనీ మూడేండ్లలో మూతపడగా 1930లో బ్రభుత్వమే యా పనిని గైకొనెను. 1938లో జెన్నపురి కేంద్రమునుండి తెలుగు వినబడజొచ్చెను. 1948లో విజయవాడకేంద్రము వెలసెను. నిజాము ప్రభుత్వపు దక్కను రేడియో 1950లో నఖిలభారత రేడియోయందు లీనమయ్యెను. ఈ నడుమ నొక్క యపవాదము కలదు. 1942 ఆగస్టు మొదలు నవంబరు వఱకు ఉషామెహతాగారును వారి సహచరులును బొంబాయిలో స్థలములు మార్చుచు రహస్యముగా గాంగ్రెసు రేడియోను నడపిరి. పిదప స్వరాజ్యము వచ్చెను. చట్టము మాత్రము 1885 నాటిదే నిలిచెను. దానికి బదులుగా గ్రొత్తచట్టము పుట్టినది 2023లోనే.

ఆకాశము ప్రజలదని మొదట నిర్ణయమైనది పల్లెలనుగూర్చిన వివాదమున గాదు, క్రికెట్టు ఆటనుగూర్చిన వివాదమున. 1993లో జరిగిన పోటీలను టెలివిజనులో జూపు హక్కును గుఱించి వంగదేశపు క్రికెట్టు సంఘమునకును గేంద్రప్రభుత్వశాఖకును దగవు పుట్టి సర్వోన్నతన్యాయస్థానమున కెక్కెను. 1995 ఫిబ్రవరి 9వ తేదిని తీర్పు వెలువడెను. జస్టిస్ సావంత్‌గారు ప్రసారతరంగములు ప్రజల యాస్తి యనియు, సమాజమునందలి యన్నివర్గములకును బ్రాతినిధ్యముగల స్వతంత్రసంస్థ వానిని నియమింపవలయు ననియు నిర్ణయించిరి. తెలుగువారైన జస్టిస్ జీవన్‌రెడ్డిగారు వేఱుగా వ్రాసిన యభిప్రాయమున మఱియొక సూక్ష్మము గలదు. ప్రజలనగా బ్రభుత్వము గాదు; ప్రభుత్వము విడిచిన చోటును ధనవంతు లాక్రమించినను వాక్స్వాతంత్ర్యమునకు హానియే. ఈ రెండవ భాగమును పాలకులు శ్రద్ధగా జదివినట్లు తోచదు. తీర్పు వెలువడిన కొన్నియేండ్లకే యెఫ్.ఎం. తరంగములు వేలమునకు బెట్టబడినవి. 2001లో బెంగుళూరున బ్రైవేటు కంపెనీ రేడియో మ్రోగెను. పల్లెలవారికి మాత్ర మనుజ్ఞ లేదు. 2002 డిసెంబరులో విద్యాసంస్థలకు మాత్రము ద్వారము తెఱవబడగా 2004 ఫిబ్రవరి 1వ తేదిని చెన్నపురి అన్నా విశ్వవిద్యాలయమునందు దొలికేంద్రము వెలసెను. సేవాసంఘముల కనుజ్ఞ యొసగుట 2006 నవంబరులో గాని జరుగలేదు.

ఈలోపల బల్లెలు నోరుమూసికొని యుండలేదు. కోలారు మండలములోని బూదికోటవారు గాలిలో బలుకుట నిషిద్ధము గనుక టెలివిజను తీగలగుండ దమ పలుకులను ఇంటింటికి బంపిరి. గాలికి నిషేధము, తీగకు లేదు! కర్నూలు మండలములోని ఓర్వకల్లు స్త్రీలు 2002లో నొక చిన్నయంత్రముతో మన రేడియో యను పేర బ్రసారము మొదలిడగా 2003లో నధికారులు యంత్రమును గొనిపోయిరి. కాని యన్నింటికంటె దీర్ఘమైన నిరీక్షణము జహీరాబాదు సీమలోనిది.

ఆ సీమ పూర్వము మెదకు మండలమునందును, 2016 నుండి సంగారెడ్డి మండలమునందును జేరియున్నది. 1983 నుండి పస్తాపూరు కేంద్రముగా దక్కను డెవలప్‌మెంటు సొసైటీ యను సంస్థ దళితస్త్రీలను గ్రామసంఘములుగా గూర్చి మెట్టపంటలను బునరుద్ధరించు పని చేసినది. దాని స్థాపకులలో నొకరగు సతీశ్‌గారు (2023లో దివంగతులైరి) పూర్వము దూరదర్శనమున గ్రామకార్యక్రమములను నిర్మించినవారు. పల్లెలనుగూర్చి పట్టణమువారు పలుకు పద్ధతిని లోపలినుండి చూచియుండుటచేతనే గాబోలు, పల్లెవారే పలుకవలయునని వారికి దోచినది. యునెస్కో సాహాయ్యమున 1998 ప్రాంతమున మాచ్నూరులో రేడియోభవనమును, శబ్దగ్రహణయంత్రములును సిద్ధమయ్యెను. మైకు పట్టినవారు, యంత్రము నడపినవారు ఆ సంఘముల దళితస్త్రీలే. అన్నియు నున్నవి, ఆకాశము మాత్రము లేదు. అందుచే వారు తమ మాటలను పాటలను కాసెట్టులలో నెక్కించి, ఆ కాసెట్టులను సంఘముల సమావేశములకు గొనిపోయి వినిపించిరి. విన్నవా రక్కడనే యభిప్రాయము చెప్పుదురు; తప్పున్న దిద్దుదురు. ఇట్లు పదియేండ్లు గడచెను. 2000 జులైలో బస్తాపూరున గూడిన సభ ప్రభుత్వరేడియో, వ్యాపారరేడియో, సమాజరేడియో యని మూడంతస్తులుండవలయునని ప్రకటించెను. అనుజ్ఞ వచ్చి, 2008 అక్టోబరు 15వ తేదిని 90.4 మెగాహెర్ట్జు తరంగమున సంఘం రేడియో ప్రారంభమయ్యెను. ఐక్యరాజ్యసమితి గ్రామీణస్త్రీల దినమును మొట్టమొదట జరపినదియు నా దినముననే. ప్రారంభించినవారు 1995 నాటి తీర్పు వ్రాసిన సావంత్‌గారే. క్రికెట్టునుగూర్చి వ్రాసిన తీర్పు పదుమూడేండ్లకు జొన్నచేలలో ఫలించుటను న్యాయమూర్తి స్వయముగా జూచుట యరుదైన విషయము.

విద్యాసంస్థల వెలుపల నొక ప్రజాసంస్థకు లభించిన యిట్టి కేంద్రములలో దేశమున నిదియే మొదటిదని ప్రసిద్ధి. నా దృష్టిలో మాత్రము ముఖ్యమైనది లైసెన్సు తేది కాదు, దానికి ముందటి పదియేండ్లు. లైసెన్సు వచ్చి గొంతు పుట్టలేదు; గొంతు పుట్టిన పదియేండ్లకు లైసెన్సు వచ్చెను.

ఇక వ్యాకరణము చదివినవాడనగుటచే భాషనుగూర్చి రెండుమాటలు చెప్పకుండ లేను. ఆ స్త్రీలు పలుకునది కన్నడము, ఉర్దూ కలిసిన సరిహద్దుసీమ తెనుగు. మన లక్షణగ్రంథముల ననుసరించి దానికి గ్రామ్యమని పేరు. ఆకాశవాణి చిరకాలము తన వార్తలను సలక్షణభాషలో జదివినది. ఆ భాషయన్న నాకును బ్రీతియే. అయినను కొఱ్ఱకు, సామకు, ఒక్క చేనిలో గలిపి చల్లు నానావిధ ధాన్యములకు, వాని తెగుళ్లకు ఆ స్త్రీల నోట గల పేళ్లు మన నిఘంటువులలో నెన్ని దొరకునో పరిశీలింపుడు. శబ్దములు లోకమున సిద్ధముగా నున్నవనియు, కుండకై కుమ్మరివలె శబ్దమునకై వైయాకరణు నాశ్రయించు పని లేదనియు నభిప్రాయపడిన భాష్యకారుడు మనకు బ్రమాణమైనచో, మాచ్నూరు కాసెట్టులు నిఘంటుకారులకు గనియే గాని దోషపుంజము గాదు. అవి యింకను మన సాహిత్యపరిశోధకుల చెవి సోకినట్లు లేదు.

2006 నాటి నియమములు పరికింపదగియున్నవి. ప్రసారశక్తి సామాన్యముగా 100 వాట్లకు మించరాదు. అనగా మన యిండ్లలో వెలిగిన పాతబల్బున కగునంత. కార్యక్రమములలో సగమైన నాప్రాంతమువారే నిర్మింపవలయును. ప్రకటనలకు గంటకు 5 నిమిషములు మాత్రమే. ఇవి యెట్లున్నను వార్తలను, రాజకీయవిషయములను బ్రసరింపరాదను నిషేధము విచారణీయము. వార్తాశబ్దము వృత్తిశబ్దమునుండి పుట్టినది. అమరసింహుడు దానిని వృత్తాంతమను నర్థమున నొకచోట, జీవికయను నర్థమున మఱియొకచోట జదివెను. కౌటిల్యుని మతమున గృషి, పశుపాలనము, వాణిజ్యము కలిసి వార్త. కావున సేద్యగాండ్రను మీరు వార్త పలుకవద్దనుట మీ బ్రతుకును బలుకవద్దనుటయే. విత్తనము మొలకెత్తలేదని చెప్పవచ్చునట. ఆ విత్తనము నెవరమ్మిరో, ధర నెవరు నిర్ణయించిరో చెప్పినచో వార్త యగునట. ఈ రెంటి నడుమ గీత గీయగల లాక్షణికుడు నాకు గానరాలేదు. పత్రికలకును, వ్యాపారటెలివిజనుకును లేని యీ నిషేధము నూఱు వాట్ల యంత్రమున కేల యను ప్రశ్నకు నియమములలో సమాధానము లేదు. 2024 నాటికి దేశమున నిట్టి కేంద్రములు సుమారు 500 ఏర్పడినవి. ఆ యేటి సవరణలలో ననుజ్ఞాకాలమును 10 సంవత్సరములకును, ప్రకటనల కాలమును గంటకు 12 నిమిషములకును బెంచిరి. కేంద్రములు తమ వార్తలను దామే కూర్చి చదువరాదను నియమమును మాత్ర మట్లే యుంచిరి.