చివరి కంచం

కొరియా భాషలో ఇంటిల్లిపాదినీ కలిపి చెప్పే మాట ఒకటుంది, ‘షిక్కు’ అని. చైనా లిపి నుంచి వచ్చిన రెండు ముక్కల మాట అది. మొదటి ముక్కకి తిండి అని, రెండోదానికి నోరు అని అర్థం. కుటుంబమంటే కలిసి తినే నోళ్ళన్నమాట! రక్తసంబంధం ఊసే లేదు అందులో. కలిసి బతికినవాళ్ళని, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవాళ్ళని ‘ఒకే కుండలో అన్నం తిన్నవాళ్ళు’ అంటారు వాళ్ళు. మనం ‘ఒకే కంచం, ఒకే మంచం’ అనమూ, అలాగే.

కొండాపూర్‌లో మేం నెలకోసారి వెళ్ళే కొరియా హోటల్లో ఈ మాట నా చెవిన పడింది. అక్కడ కూరలన్నీ బల్ల మధ్యలో పెడతారు, అందరూ అందులోంచే తీసుకుంటారు. వినడానికీ చూడటానికీ బాగానే ఉంది. కానీ నాకో సందేహం పట్టుకుంది. వీళ్ళు ఎప్పటినుంచీ ఇలా కలిసే తింటున్నారా? ఆ కూరలన్నీ వండిన ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుని తిన్నారు? ఈ ప్రశ్న వెంటపడి పోతే కొరియా చరిత్రతో పాటు మనదీ కొంత దొరికింది. అదే మీతో చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

ముందు ఆ వంట మన గుమ్మం దాకా ఎలా వచ్చిందో చూద్దాం. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టుపక్కలంతా బండరాళ్ళూ తుప్పలూనే. శేరిలింగంపల్లి అప్పట్లో వేరే మున్సిపాలిటీ, 2007లో గానీ జీహెచ్ఎంసీలో కలవలేదు. ఆ సైబర్ టవర్స్ ఏడాదే మద్రాసు దగ్గర శ్రీపెరుంబుదూరు వైపు పెట్టిన హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి శాంత్రో కార్లు బయటికొచ్చాయి. వాటితో పాటే కొరియా ఇంజనీర్లూ, వాళ్ళ కుటుంబాలూ దక్షిణాదికి వచ్చారు. తర్వాత 2017లో కియా కంపెనీ మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిని ఎంచుకుంది. 2019లో అక్కడ సెల్టోస్ కార్లు తయారయ్యాయి. అనంతపురం వైపు రోడ్డు మీద రాగిసంగటి బోర్డుల పక్కన కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి.

హైదరాబాద్ సంగతి కొంచెం వేరు. ఇక్కడికి ఆ వంటని పిలుచుకొచ్చింది ఎక్కువగా మన ఆడపిల్లలే అంటాను నేను. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని కొరియా సీరియళ్ళు చూశారు. అందులో వాళ్ళు ఊదుకుంటూ నూడుల్స్ తింటుంటే వీళ్ళకి నోరూరింది. మేం వెళ్ళే హోటల్లో కొరియా వాళ్ళు ఒకటి రెండు బల్లల దగ్గరే కనిపిస్తారు. మిగతావాళ్ళంతా మన మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల పిల్లలూ, వాళ్ళు లాక్కొచ్చిన నాలాంటి అమ్మలూ.

తిన్న మొదటిసారే ఇది పరాయి రుచి కాదనిపిస్తుంది. కారణం మిరపకాయ. నిజానికి అది వాళ్ళదీ కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకు ముందు మన కారమంతా మిరియాలదే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఋతువుకో తీరుగా వడ్డించిన విందులు డిగ్రీలో చదువుకున్నాం కదా, ఆ వడ్డనలో మిరపకాయ లేదు. కొరియాకి అది ఆ శతాబ్దం చివర్లో, జపాన్ వాళ్ళు దండెత్తిన రోజుల్లో చేరిందని ఎక్కువమంది చెప్పేమాట. 1614లో అక్కడి పండితుడొకాయన తన పుస్తకంలో దాన్ని జపాన్ ఆవాలన్న అర్థమొచ్చే పేరుతో రాశాడు. అప్పటిదాకా కిమ్చీ అంటే ఉప్పులో ఊరిన తెల్లటి కూరముక్కలే. కారం వెయ్యని తెల్ల కిమ్చీ ఇప్పటికీ చేసుకుంటారు. మనం ఈరోజు చూసే ఎర్రటి క్యాబేజీ కిమ్చీ ఎంత పాతదనుకున్నారు? ఆ పెద్ద ఆకుల క్యాబేజీ అక్కడ బాగా పండటం మొదలై నూటయాభై ఏళ్ళు కూడా కాలేదు.

తరతరాలుగా వస్తున్నదనుకున్న వంటే ఇంత కొత్తదైతే, కలిసి తినడం మాటేమిటి?

అదీ అంత పాతది కాదు! జోసన్ రాజుల కాలంలో, అంటే 14వ శతాబ్దం చివర నుంచి ఐదొందల ఏళ్ళ పాటు, పెద్దింటి మగవాళ్ళు ఎవరి బల్ల వాళ్ళదిగా తినేవారు. బల్లంటే మన పీట కన్నా కాస్త ఎత్తుగా, ఒక్కరికి సరిపోయే చిన్న చెక్కబల్ల. దాన్ని ‘సోబాన్’ అంటారు. తాతగారికొకటి, తండ్రికొకటి. అతిథి వస్తే ఆయనకి ఇంకొకటి. వంటిల్లేమో గదుల కన్నా పల్లంలో ఉండేది. పొయ్యి వేడి గదుల నేల కింద నుంచి పారి చలికాలంలో ఇల్లంతా వెచ్చబడాలి కాబట్టి ఆ ఏర్పాటు. అంటే ఇంటి ఆడవాళ్ళు గిన్నెలు పేర్చిన బల్లల్ని ఎత్తుకుని, ఆ పల్లంలోంచి మెట్టెక్కి పూటపూటా గదుల్లోకి మోసేవారు. మగవాళ్ళు తిన్నాక బల్లలు కిందికి దిగేవి. వాటిమీద మిగిలినదాంతో కోడళ్ళు వంటింట్లోనే కూర్చుని కానిచ్చేవారు.

డే జాంగ్ గుమ్ సీరియల్ చూసినవాళ్ళకి రాజుగారి వంటశాల గుర్తుండే ఉంటుంది. ఆ జాంగ్ గుమ్ నిజంగా ఉన్న మనిషే, రాజవైద్యురాలు. ఆవిడ కొలిచిన చుంగ్‌జోంగ్ రాజు మన కృష్ణదేవరాయల కాలంవాడు. ఆ రాజుకి భోజనం సిద్ధం చెయ్యడానికి ఎందరో మనుషులు రోజంతా పనిచేసేవారు. తినేటప్పుడు మాత్రం ఆ బల్ల ఆయన ఒక్కడిదే.

20వ శతాబ్దంలోకి వచ్చాకే ఇంటిల్లిపాదీ ఒక గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోవడం అక్కడ మామూలైంది. ఊళ్ళు పట్నాలయ్యాయి, పెద్దిళ్ళు చిన్న గదులయ్యాయి, వడ్డించే మనుషులు తగ్గారు. తలకో బల్ల పెట్టే చోటూ లేదు, మోసే ఓపికా లేదు. సీరియళ్ళలో మనం ముచ్చటపడే ఆ కలివిడి బల్ల వెనకున్నది ఇదీ కథ.

ఇదంతా చదువుతుంటే నాకు మా అమ్మే కళ్ళముందు మెదిలింది. మా ఇంట్లో చివరి కంచం ఆవిడది. నాన్నగారు, తాతయ్య, మేం పిల్లలం లేచాక, స్టవ్ పక్కన పీట వాల్చుకుని కూర్చునేది. కూర గిన్నె అడుగుకి వచ్చి ఉండేది. ఆ కంచంలో ఏముందో మాకెవరికీ తెలియదు. అప్పటికి మేం వీధిలో ఆటల్లో ఉండేవాళ్ళం.

కలిసి తినడమనే ఆలోచన మనకి లేదా అంటే, చాలా పెద్దగానే ఉంది. 12వ శతాబ్దంలో పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకుంటాం. ఇప్పటికీ కారెంపూడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు జరుగుతుంది. ఎనిమిదొందల ఏళ్ళు గడిచినా జనం తలుచుకుంటున్నారంటే, పక్కన కూర్చుని తినడం ఎంత పెద్ద పనో అర్థమవుతుంది. కాకపోతే ఆ కథలో మనకి వినిపించే పేర్లు నాయకులవీ, సేనాపతులవీ. ఆ కూడు వండినవాళ్ళెవరో, వాళ్ళు ఏ వరసలో కూర్చున్నారో కథ చెప్పదు.

మన హైదరాబాద్ ఇరానీ హోటళ్ళూ అంతే. ఏ కులమైనా ఏ మతమైనా ఒకే బల్ల దగ్గర చాయ్ తాగగలిగిన చోట్లవి. ఆడవాళ్ళకి మాత్రం ‘ఫ్యామిలీ రూమ్’ అని బోర్డు పెట్టి, తెర వేసిన గది. అందులోకి వెళ్ళాలంటే వెంట ఫ్యామిలీ ఉండాలి. ఆడది ఒక్కతే వచ్చి నడిబల్ల దగ్గర కూర్చోవచ్చన్నది ఎవరి ఊహలోనూ లేదు.

అందుకే కొండాపూర్‌లో ఆ బల్ల నాకు అంత ఇష్టం. అక్కడ బల్ల మీదే పెనం పెట్టి మాంసం కాల్చుకునే వంటకాలకి రెండు ప్లేట్లు తక్కువ కాకుండా ఆర్డరివ్వాలి. కొరియాలో కూడా ఇదే పద్ధతి. ఒక్కళ్ళ కోసం నిప్పు రాజెయ్యరు. ఒకసారి పక్కబల్ల దగ్గర సాఫ్ట్‌వేర్ అమ్మాయి, హాస్టల్ పిల్ల, ఒంటరిగా వచ్చింది. రెండు ప్లేట్లు తనకి ఎక్కువ. మా అపార్ట్‌మెంట్ వాళ్ళం ముగ్గురం ఉన్నాం. “ఆంటీ, మీతో కలవనా? నా ప్లేటు డబ్బులు నేనిస్తా” అంది. రా తల్లీ అన్నాం. అనకాపల్లి నుంచి వచ్చి రెండేళ్ళయిందట. హాస్టల్ గదిలో ఫోన్ చూస్తూ డబ్బాలో తినడమే అలవాటైపోయిందట. ఇలా ఒంటరిగా తినడానికి కొరియాలో కొత్తమాటే పుట్టింది, ‘హోన్‌బాప్’ అని. సోబాన్ బల్ల పోయి వందేళ్ళు కాకుండానే మనిషికో ఫోనూ మనిషికో డబ్బా వచ్చాయి, అక్కడా ఇక్కడా.

ఆరోజు ఆ పిల్ల మాకు ‘స్సామ్’ కట్టడం నేర్పింది. లెట్యూస్ ఆకులో కాల్చిన ముక్క, ఒక వెల్లుల్లి రెబ్బ, కాస్త కారపు ముద్ద పెట్టి మడిచి ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. మనకి కావలసినవాళ్ళయితే మనమే కట్టి వాళ్ళ నోట్లో పెట్టాలట. అంటే గోరుముద్దలే కదే అన్నాను. మా ముగ్గురికీ తలా ఒకటి పెట్టింది. మాలో ఒకావిడ, ఇద్దరు కోడళ్ళ అత్తగారు, నోట్లో ముద్ద ఉండగానే కళ్ళు తుడుచుకుంది. తనకి ఇంకొకళ్ళు ముద్ద పెట్టి ఎన్నేళ్ళయిందో లెక్క తెగలేదట ఆవిడకి. అప్పటినుంచి మేం నలుగురం. పక్క గిన్నెలు, వాళ్ళు ‘బాన్‌చాన్’ అంటారు, మన మెస్సుల్లో పప్పూ సాంబారూ లాగా అడిగినన్నిసార్లు పెడతారు. కబుర్లూ అలాగే సాగుతాయి.

చలి ముదరక ముందు కొరియా ఆడవాళ్ళు ఇరుగుపొరుగుతో కలిసి శీతాకాలానికంతా సరిపోయే కిమ్చీ పెట్టుకుంటారు. దాన్ని ‘కిమ్‌జాంగ్’ అంటారు. 2013లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. అందులో నాకు నచ్చింది ఆరోజు భోజనం. పని అయిపోగానే ఉడికించిన మాంసంతో, అప్పుడే కలిపిన పచ్చి కిమ్చీ పెట్టుకుని, చేతులు మండుతున్నవాళ్ళంతా అక్కడే కూర్చుని తింటారు. వండినవాళ్ళదే మొదటి ముద్ద.

మనకీ అలాంటి రోజు ఏడాదికొకటి ఉంది. ఆవకాయ జాడీకెత్తాక, ఆ బేసిన్‌లో వేడన్నం వేసి కలిపి తలా ఒక ముద్ద పెట్టే రోజు. ఎంత పద్ధతైన ఇంట్లోనైనా ఆరోజు కలిపిన చెయ్యి కూడా అందరితో పాటే తింటుంది. మా అమ్మ మా మధ్య కూర్చుని తిన్నది నాకు గుర్తున్నంతవరకు ఆ ఒక్కరోజే.

దాన్ని మిగతా రోజులకి తెచ్చుకోవడానికి కొరియా వంట రానక్కర్లేదు. ఇవాళ రాత్రి గిన్నెలన్నీ తెచ్చి మధ్యలో పెట్టండి, ఎవరిది వాళ్ళు వడ్డించుకుంటారు. మీ కంచం మాత్రం అందరికంటే ముందు తెచ్చుకోండి.