బెజవాడ కనుమ

ఖైబరు కనుమగుండా దండులును బిడారులును కాలినడకను సాగిపోయినవి. మన బెజవాడ కనుమను మాత్రము కృష్ణవేణి అంతయు తానే ఆక్రమించుకొనుటచే, మనుష్యులు తరతరములుగా ఆ నీటిమీదనో, నీటియొడ్డుననో, చివరకు కొండకడుపుననో తమ దారి వెదకుకొనవలసివచ్చినది. ఉత్తరమున ఇంద్రకీలాద్రి, దక్షిణమున సీతానగరపు కొండ, నడుమ సుమారు 1,200 మీటర్ల సందు: ఈ సందు దాటినంతనే కొండల యొత్తిడి వీడి నది సమతలమును చేరుచున్నది, డెల్టా యిచ్చటనే ఆరంభమగుచున్నది.

1832-33 నాటి నందన కరువు గుంటూరు మండలమును శ్మశానప్రాయము చేసిన పిమ్మట, నది యిరుకుగానుండి యిరువైపుల రాతికొండలు గల యీ చోటుననే ఆనకట్ట కట్టవలెనను ఆలోచన బలపడెను. కాటను దొర ప్రోత్సాహముతో, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణమున 1852లో పని ఆరంభమై 1855 నాటికి ముగిసెను. దారికి అడ్డమైన కొండలే రాళ్ళిచ్చి ఆనకట్టకు పునాదియగుట నాకు మిక్కిలి హృద్యముగా తోచును.

ఆనకట్ట కట్టినది సేద్యమునకే యైనను, దానితోపాటు ఒక రవాణాసామ్రాజ్యమే పుట్టినది. ఎడమగట్టున బయలుదేరిన ఏలూరు కాల్వ గన్నవరపు పొలములమీదుగా ఏలూరు చేరి గోదావరి కాల్వలతో కలియుచుండెను. కుడిగట్టున కొమ్మమూరు కాల్వ బకింగ్‌హాం కాల్వతో కూడి మద్రాసుదాక పోవుచుండెను. ఈ రెంటికి నడుమ మిగిలిన ఖాళీ కృష్ణయే గనుక, పడవలు ఒక గట్టు లాకు వెలువడి, ఆనకట్టకు ఎగువన నిలిచిన నీటిమీద నదిని దాటి, ఆవలిగట్టు లాకున ప్రవేశించెడివి. కాకినాడనుండి మద్రాసునకు పోవు నీటిదారికి ఈ కనుమయే ముడి. పడవ లాకులోనికి రాగానే వెనుకతలుపులు మూసెడివారు. తూములెత్తి నీరు వదలగా, బస్తాల బరువుతో పడవ గోడల నడుమ మెల్లగా దిగెడిది. లోపలి నీరును వెలుపలి నీరును సమమైన పిదప ముందుతలుపులు తెరచుకొనెడివి. గాలి కలిసివచ్చినప్పుడు తెరచాప, లేనప్పుడు గట్టుమీద త్రాడు భుజమున వేసికొని వంగి నడచు మనుష్యుడు: ధాన్యము, పొగాకు, ఉప్పు ఇట్లే ప్రయాణించినవి. ఆ త్రాడు లాగినవారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు, ఉండవలసినవి.

నిజాము రైలు 1889లో బెజవాడ చేరినది. 1893లో కృష్ణపై రైలువంతెన లేచినది. 1899లో మద్రాసు మార్గము పూర్తియైనది. బండ్లకు మాత్రము వంతెన లేకపోయెను. 1952లో ఆనకట్టకు గండి పడుటచే దాని చెంతనే క్రొత్త బ్యారేజి నిర్మాణమునకు పూనుకొని, 1957 డిసెంబరులో ప్రారంభించి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. దానిమీద వేసిన బాటతోనే రెండు కొండలకు నడుమ బస్సులు తిరుగనారంభించినవి.

అయినను హైదరాబాదు బాటకు కష్టము తీరలేదు. కొండపాదమునకును నదికిని నడుమ మిగిలిన సన్ననిపట్టీమీదనే లారీలు, బస్సులు, దుర్గమ్మ దర్శనమునకు వచ్చు జనము క్రిక్కిరియుచుండగా, వానకాలమున పైనుండి రాళ్ళు జారుచుండెడివి. అందుచే చిట్టినగరువద్ద కొండను తొలిచి సొరంగము వేసిరి. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవరు తెరచిరి.

లారీల రాకతో కాల్వలపై పడవలు అంతరించినవి. గన్నవరమున విమానాశ్రయపు రన్‌వేను పొడిగింపబూనినప్పుడు ఏలూరు కాల్వనే ప్రక్కకు మళ్ళింపవలసివచ్చినది. ఒకనాటి రాజమార్గమునకు పట్టిన గతి యిది. 2008లో కేంద్ర ప్రభుత్వము ఈ కాల్వలను కాకినాడ–పుదుచ్చేరి జాతీయ జలమార్గములో చేర్చినది. చౌకగా బరువు మోయుటకు నీటికి మించిన దారి లేదని నమ్మువారిలో నేనొకడను గనుక, ఆ ప్రకటన కాగితముమీద మిగిలిపోరాదని కోరుచున్నాను. పడవయెత్తు తలపక కట్టిన వంతెనలను ఎత్తవలెను, పూడిన కాల్వలను త్రవ్వవలెను. అన్నిటికంటె ముందు, ఈ కనుమకు ఇరుప్రక్కల నున్న లాకులతలుపులను బాగుచేయవలెను.