లినక్స్ సర్వర్‌లో ఖాతాలు, అనుమతుల తనిఖీ

లినక్స్ సర్వర్‌లోకి ఎవరెవరు ప్రవేశించగలరో, వచ్చాక ఏమేం చేయగలరో పరిశీలించి, అక్కర్లేని అధికారాలను తొలగించే ప్రక్రియ ఇది. ఖాతాల జాబితా ‘ఈటీసీ’ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యూడీ ఫైలులో ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో ఖాతా. వరుసలో మూడో అంశమైన యూజర్ సంఖ్యే కీలకం. లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్‌కు పేరుతో పనిలేదు. సంఖ్య 0 అయితే ఆ ఖాతాకు సర్వాధికార ఖాతా అయిన రూట్ అధికారాలన్నీ దక్కుతాయి. రూట్ కాక మరో పేరు పక్కన 0 కనిపిస్తే వెంటనే ఆరా తీయాలి.

ఉద్యోగం మానేసినవారి ఖాతాల విషయంలోనే ఎక్కువ ఏమరుపాటు జరుగుతుంది. పాస్‌వర్డ్‌ను లాక్ చేసినా, హోమ్ డైరెక్టరీలో పాస్‌వర్డ్ బదులు పనిచేసే ఎస్‌ఎస్‌హెచ్ కీ మిగిలి ఉంటే చాలా సర్వర్లలో లాగిన్ సాధ్యమే. అందుకే ఖాతా గడువును కూడా ముగించాలి, కీని తీసేయాలి. అలాగే, సాధారణ యూజర్లు రూట్‌గా ఆదేశాలు నడిపేందుకు వీలిచ్చే సుడో నియమాల్లో పాస్‌వర్డ్ అడగకుండా అన్ని ఆదేశాలకూ అనుమతి ఇచ్చిన వరుసలను వదలకూడదు.

అన్నిటికన్నా లోతుగా చూడవలసింది ఫైలు అనుమతుల్లోని సెట్‌యూఐడీ బిట్. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన ఈ ఏర్పాటుకు 1979లో అమెరికా పేటెంట్ లభించింది. ఈ బిట్ ఉన్న ప్రోగ్రామ్, దాన్ని నడిపినవారి హక్కులతో కాక, ఫైలు యజమాని హక్కులతో నడుస్తుంది. యజమాని రూట్ అయితే, అందులోని చిన్న లోపం కూడా సర్వర్ మొత్తాన్ని అప్పగించేయవచ్చు. 2022 జనవరిలో బయటపడ్డ ‘ప్వన్‌కిట్’ అటువంటిదే: పీకేఎగ్జెక్ ప్రోగ్రామ్‌లో 2009 నుంచీ దాగి ఉన్న ఆ లోపంతో సాధారణ యూజర్ రూట్ కాగలిగేవాడు. ఫైండ్ ఆదేశానికి అనుమతి విలువగా ‘-4000’ ఇచ్చి వెతికితే సెట్‌యూఐడీ బిట్ ఉన్న ఫైళ్లన్నీ బయటపడతాయి.