రెండు నదుల నడుమ శ్రీకాకుళం

ఆంధ్రప్రదేశ్ ఉత్తరపు కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న తీరమైదానంలో, నాగావళి నదీతీరాన శ్రీకాకుళం నగరం వెలసింది. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి, జంఝావతి, వేగావతి, సువర్ణముఖి వంటి ఉపనదులను కలుపుకొని వచ్చే ఈ నది నగరం దాటిన కొద్ది దూరంలోనే కళ్లేపల్లి వద్ద సముద్రంలో కలుస్తుంది. బలరాముడు నాగలితో నేలను చీల్చి ఈ నదిని రప్పించాడనీ, ఒడ్డున ఉన్న ఉమారుద్ర కోటేశ్వరస్వామిని ప్రతిష్ఠించింది కూడా ఆయనేననీ స్థలపురాణం చెబుతుంది. ఉత్తరాన మరో పెద్ద నది వంశధార ప్రవహిస్తున్నది. ఈ రెండు నదుల నడుమ ప్రాంతాన్నంతటినీ ఒకటిగా చూస్తే తప్ప శ్రీకాకుళం చరిత్ర అర్థం కాదు.

కుతుబ్‌షాహీల కాలంలో ఈ పట్టణం ఒక సర్కారుకు, అంటే పెద్ద పరిపాలనా విభాగానికి, కేంద్రమైంది. ఫౌజుదారు, అనగా సైనికాధికారంతో పాటు పాలనాధికారం కూడా చేతిలో ఉన్న ఉద్యోగి, అయిన షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఆ దశకు నేటికీ నిలిచిన సాక్ష్యం. ఇంగ్లీషువారి రికార్డుల్లో చికాకోల్‌గా కనిపించే ఈ ఊరు సన్నని మస్లిన్ బట్టకు పేరుపొందింది.

నగరానికి ఆనుకొని తూర్పున ఉన్న అరసవల్లి సూర్యదేవాలయాన్ని 7వ శతాబ్దంలో తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి. ఏటా మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయకిరణాలు అనివెట్టి మండపం మీదుగా సాగి మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. మార్చి విషువత్తుకు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు, సుమారు పది రోజుల ముందు సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడో, సెప్టెంబరు విషువత్తు తరువాత దాదాపు అన్ని రోజులకే మళ్లీ అదే దిక్కున, నడితూర్పుకు కొంచెం దక్షిణంగా ఉదయిస్తాడు. ఆలయ నిర్మాణానికి స్థలాన్నీ దిశనూ నిర్ణయించిన శిల్పుల ఖగోళజ్ఞానం ఎంత నిశితమైనదో ఈ ఒక్క విషయమే చాటుతుంది. మహిమగా మాత్రమే చెప్పుకుంటే వారికి దక్కవలసిన గౌరవం దక్కదు.

ఈ నగరానికి చెందినవని చెప్పుకోదగినవి చాలావరకు నగరం వెలుపలే ఉన్నాయి. 1890ల్లో మద్రాసు, కలకత్తాల మధ్య తీరం వెంబడి రైలుమార్గం పడినప్పుడు అది పట్టణంలోకి రాకుండా ఆమదాలవలస మీదుగా సాగడంతో, శ్రీకాకుళం రోడ్డు అన్న పేరుగల స్టేషను సుమారు 13 కిలోమీటర్ల దూరాన ఉండిపోయింది. పూర్వపు రేవు కళింగపట్నం వంశధార సాగరసంగమం వద్ద ఉంది. అదే నది దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండపై బౌద్ధస్తూపాల శిథిలాలున్నాయి. రైలూ రేవూ రెండూ దూరం కావడమే విశాఖపట్నంలా ఈ ఊరు పెరగకపోవడానికి ముఖ్యకారణమని భావించవచ్చు.

నేతకళ సైతం నగరం వెలుపల ఉన్న పొందూరులోనే మిగిలింది. అక్కడి స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. సన్నని ముళ్లవంటి ఆ పళ్ల మధ్య నుంచి పోగులు చిక్కు విడి, నలక వదిలి, ఒక వరుసకు వస్తాయి. ఆ తరువాతే ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద నూరో నెంబరు దాకా నూలు వడుకుతారు. మరమగ్గాల కాలంలోనూ ఈ పనిని వదలని చేతులు కొద్దిగానే ఉన్నాయి.

1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా, 2015లో పట్టణం నగరపాలక సంస్థ అయింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాకు చేరడంతో, నాగావళి ఎగువ తీరం ఒక జిల్లాలో, వరద తాకిడికి గురయ్యే దిగువ తీరం మరో జిల్లాలో ఉన్నాయి.